ఇల్లు గుర్తు, క్రేను గుర్తు

ఆ వానాకాలం మా బడిలో ఎన్నికలు పెట్టింది నేనే. ఎవరూ పెట్టమనలేదు. సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఓటు గురించి ఒక పాఠం ఉంటుంది. రెండు బొమ్మలు, నాలుగు ప్రశ్నలు, అంతే. ఏటా ఆ పాఠం చదివించేసి, ప్రశ్నలకి జవాబులు రాయించేసి చేతులు దులుపుకునేదాన్ని. ఆ ఏడు మాత్రం పిల్లలచేత నిజంగా ఓటు వేయించి చూడాలని బుద్ధి పుట్టింది. క్లాసులో కిటికీ పక్క బెంచీలో మా ఉడత కూర్చునేది మరి. అది చూస్తుంటే నాకు ఎక్కడలేని హుషారూ వచ్చేది.

ఉడత నా చెల్లెలి కూతురు. ఏది తిన్నా బుగ్గన పెట్టుకుని గంటసేపు నములుతుందని మా ఆయన పెట్టిన పేరది. చెల్లెలు జబ్బు చేసి పోయాక పిల్లని మా మరిది మా ఇంట్లో దింపి వెళ్ళాడు. ఆయన ఓడరేవులో క్రేను నడుపుతాడు. రాత్రి డ్యూటీలు. పదకొండేళ్ళ పిల్లని ఒంటరిగా ఇంట్లో పెట్టి తాళం వేసుకుని వెళ్ళలేడు కదా. నాకు పిల్లల్లేరు. అది వచ్చాక మా ఇంట్లో చప్పుడు మొదలైంది. ఇంతకన్నా ఏం చెప్పను?

బడి గేటు దాకా నేను పెద్దమ్మని. గేటు దాటితే టీచర్ని. ఆ నియమం అదే పెట్టింది. ఒకసారి క్లాసులో దానికి జడ ఊడిపోతుంటే పిలిచి వేయబోయాను. "వద్దు టీచర్" అని ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయింది. అంత పట్టుదల మనిషి.

ఎన్నికలంటే పిల్లలు ఎగిరి గంతేశారు. క్లాసు లీడరు పదవికి ముగ్గురు నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లాడు, వాణ్ణి అందరూ పైల్వాన్ అనేవాళ్ళు. వాడి గుర్తు గంట. లెక్కల క్లాసు ఎత్తేస్తానని వాగ్దానం చేశాడు. వెనక బెంచీలు ఈలలు వేశాయి. గొడుగు గుర్తు తెచ్చుకున్న అమ్మాయి మంచినీళ్ళ దగ్గర తోపులాట లేకుండా వరుస పెట్టిస్తానంది. పాపం, దానికి ఒక్క చప్పట్టూ పడలేదు. మూడోవాడు లేచి నిలబడి, చెప్పాల్సింది మర్చిపోయి, కూర్చున్నాడు.

మొదట చేతులెత్తమన్నాను. పైల్వాన్ పేరు పిలిచేసరికి వాడు లేచి క్లాసంతా ఒకసారి కలియజూశాడు. అంతే, చేతులు లేచాయి. ఎత్తనివాళ్ళు పక్కవాణ్ణి చూసి ఎత్తారు. ఇలా కాదని చీటీలు పంచాను. గోడకి ఆనించిన పెద్ద మ్యాప్ వెనక ఒక్కొక్కరే వెళ్ళి గుర్తు మీద టిక్కు పెట్టి, మడిచి, అట్టపెట్టెలో వెయ్యమన్నాను. పెట్టె దగ్గర అధికారిగా ఉడతని కూర్చోబెట్టాను. చీటీ ఎలా మడవాలో ప్రతివాడికీ చేసి చూపించింది. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. అలా మడవనివాణ్ణి వెనక్కి పంపింది.

గొడుగు గెలిచింది. అందరికన్నా ఎక్కువగా నోరెళ్ళబెట్టింది ఆ గొడుగు అమ్మాయే.

అక్కడితో ఆగితే బాగుండేది. లెక్కింపు అయిపోయాక ఒక పిల్లాడు వానలో తడిసి ముద్దై ఊడిపడ్డాడు. రోజూ ఆలస్యమే వాడికి. "టీచర్, మరి నా ఓటో?" అని ఏడుపు మొదలుపెట్టాడు. సరేలే, పోనీ అని వాడికీ ఒక చీటీ ఇచ్చాను. వాడు ముక్కు తుడుచుకుంటూ మ్యాప్ వెనక్కి వెళ్ళి, చక్కగా మడిచి, ఖాళీ పెట్టెలో వేశాడు. తీసి చూస్తే గొడుగు. పైల్వాన్ వాడి వంక ఒక చూపు చూశాడు. బడి వదిలేసరికి ఆ తడిసిన పిల్లాడి సంచీ బురదలో ఉంది. ఎవరు పడేశారంటే ఎవరూ నోరు మెదపలేదు.

ఇంటికి నడుస్తుంటే ఉడత ఉన్నట్టుండి ఆగింది.

"పెద్దమ్మా, వాడు కూడా మ్యాప్ వెనకే వేశాడుగా? మరి అందరికీ ఎలా తెలిసిపోయింది?"

"పెట్టెలో వాడిదొక్కటే ఉంది కదే."

"అంటే పక్కన ఇంకొన్ని ఉంటేనే రహస్యమన్నమాట."

"అంతే మరి."

"ఎన్ని ఉండాలి?"

"ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. పద, వాన మళ్ళీ పట్టుకునేలా ఉంది."

అది ఇంకేం అడగలేదు. దారి పొడుగునా ఏదో నములుతున్నట్టే ఉంది, నోట్లో ఏమీ లేకపోయినా.

మరిది ప్రతి ఆదివారం కూతుర్ని చూడటానికి వచ్చేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. వసారాలో కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన టీ తాగి, పిల్ల చెప్పే కబుర్లకి తలూపి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. ఆ ఆదివారం మాత్రం టీ గ్లాసు చల్లారిపోయినా పట్టుకునే ఉన్నాడు.

"వదినా, నాకు పగటి డ్యూటీ వేశారు."

"పోనీలే, మంచి మాట చెప్పావు. రాత్రుళ్ళు ఆ గాలిలో పైన కూర్చోవడం తప్పింది."

"రెండు గదుల ఇల్లు తీసుకున్నా. అక్కడి బడి పక్కనే."

బడి పక్కనే అనేసరికి పిల్లని తీసుకెళ్ళడానికే వచ్చాడని అర్థమైంది.

"ఇప్పుడెందుకయ్యా తొందర? చదువు మధ్యలో కదిలిస్తే పిల్ల పాడైపోతుంది. ఇంకో రెండేళ్ళు ఆగు."

"నాకున్నది అదొక్కతే వదినా."

"నాకు మాత్రం పదిమంది ఉన్నారా?"

అన్నాక నాకే సిగ్గేసింది. మా ఆయన వాకిట్లో కూర్చుని ఒక షాపు బోర్డు మీద అక్షరాలు రాస్తున్నాడు, బోర్డులు రాయడమే ఆయన పని. కుంచె ఆపి మా ఇద్దరి వంకా చూశాడు గానీ మధ్యలోకి రాలేదు. మా అత్తయ్యే లోపల్నించి గట్టిగా అంది. "బేరాలు చాలించండి. అది బొమ్మా ఏమన్నానా? దానికీ ఒక నోరుంది, దాన్నే అడగండి."

అడిగాం. అక్కడే వచ్చింది చిక్కంతా.

వంటింట్లో నేను అడిగాను. "నేనిక్కడే ఉంటా పెద్దమ్మా" అని నా నడుం చుట్టూ చేతులేసింది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. వసారాలో మరిది అడిగాడు. "వస్తా నాన్నా" అందట. ఆయన కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "నాతో వస్తానంది వదినా" అని ఆయన, "నాతో ఉంటానంది" అని నేను. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. మా ఆయన అడిగితే "మీ ఇష్టం పెదనాన్నా" అందట. అత్తయ్య అడిగితే "నువ్వేం చెప్తే అదే నానమ్మా" అందట.

భోజనాల దగ్గర కూర్చోబెట్టి మళ్ళీ అడిగాం. అందరం కలిసి, అందరి ఎదుటా.

"నిజం చెప్పవే తల్లీ, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాను నేను.

నా వంక చూసింది. వాళ్ళ నాన్న వంక చూసింది. దాని బుగ్గలో ముద్ద అలాగే ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అత్తయ్య వచ్చి దాని నోటి కింద చెయ్యి పట్టి, "ఉమ్మెయ్యమ్మా, ఉమ్మెయ్యి" అంది. మరిది చెయ్యి కడిగేసుకుని ముందొచ్చిన బస్సుకే వెళ్ళిపోయాడు. ఆ వారమంతా పిల్ల సరిగ్గా తినలేదు. క్లాసులో ఏదడిగినా నిలబడి నేల చూపులు చూసేది. అంతా చూస్తూనే ఉన్నాను. అయినా నోరు తెరిచి "వెళ్ళు తల్లీ" అనలేకపోయాను.

తర్వాతి ఆదివారం మరిది రాగానే ఉడత లోపల్నించి ఒక చెప్పుల పెట్టె పట్టుకొచ్చింది. మూతకి సన్నగా కంత కోసి ఉంది.

"ఓటేద్దాం" అంది.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"దేనికే?" అన్నాను, తెలిసి కూడా.

"నేనెక్కడ ఉండాలో దానికి. ఇల్లు గుర్తంటే ఇక్కడ ఉండటం. క్రేను గుర్తంటే నాన్నతో వెళ్ళడం. దేనికి ఎక్కువ పడితే అదే."

మరిది నెమ్మదిగా దగ్గరికి పిలిచాడు. "మా ఓట్లెందుకమ్మా? నువ్వొక్కదానివీ వేసెయ్యి, మేం ఒప్పుకుంటాం."

"నేనొక్కదాన్నే వేస్తే నాది ఏదో తెలిసిపోతుంది నాన్నా. అందరూ వెయ్యాలి. అయిదుగురూ."

అంతలో మా ఆయన లేచి, చేతికంటిన రంగు తుడుచుకుని, "అధికారిగారు చెప్పాక ఇంకేముంది? పెట్టండి" అన్నాడు.

"ఇంకోటి. తర్వాత ఎవరూ ఎవర్నీ అడగకూడదు. ఒట్టెయ్యండి."

ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెయ్యి చాపింది. అందరం ఒట్టేశాం. అత్తయ్య అయితే దాని చెయ్యి వదలకుండా, "ఏమే, నా దగ్గరికి ప్రచారానికి ఎవరూ రారా? ఇంత వయసొచ్చి నా ఓటంటే ఇంత లోకువా?" అంది. పిల్ల నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి నవ్వడం.

అత్తయ్యకి చదువు రాదు కాబట్టి చీటీల మీద అక్షరాలు లేవు. ప్రతి చీటీలో పక్కపక్కన ఒక ఇల్లు, ఒక క్రేను. అయిదింట్లోనూ ఒకేలా గీసింది. ఏ ఇల్లూ ఇంకో ఇంటికన్నా పెద్దది కాదు, ఏ క్రేనూ ఇంకో క్రేనుకన్నా పొడుగు కాదు. మధ్యగదిలో తాడు కట్టి దుప్పటి వేలాడదీసింది. దాని వెనక స్టూలు, స్టూలు మీద ఒకే ఒక పెన్సిలు.

నేను లోపలికి వెళ్ళాను. ఆలోచించేదేముంది? ఇంటి మీద టిక్కు పెట్టాను. పెన్సిలు ముక్కు విరిగేంత గట్టిగా పెట్టాను. "టీచరుగారూ, పెన్సిలు విరిచేశారా!" అని మా ఆయన మళ్ళీ చెక్కి ఇచ్చాడు. తర్వాత మరిది, అత్తయ్య, మా ఆయన వెళ్ళొచ్చారు. చివరికి ఉడత వెళ్ళింది. దుప్పటి కింద దాని పాదాలు కనిపిస్తున్నాయి. ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని నిలబడింది. చాలాసేపు రాలేదు. ఎవరం తొందరపెట్టలేదు. వచ్చి, చీటీ వేసి, పెట్టెని బాగా గిలకరించి, మా ఆయనకిచ్చింది.

ఆయన ఒక్కొక్కటే విప్పాడు.

"క్రేను."

"ఇల్లు."

"ఇల్లు."

ఇంటికి రెండని వేళ్ళు మడిచాను.

"క్రేను."

ఆఖరిది విప్పి, చూసి, పైకి చదవకుండా పిల్ల చేతికిచ్చాడు. అది చూసింది. క్లాసులో పెట్టిన గొంతే పెట్టి, "క్రేను మూడు, ఇల్లు రెండు. క్రేను గెలిచింది" అని చెప్పింది. వెంటనే అయిదు చీటీలూ కలిపి చించి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్ళీ చించింది. ఎవరి పెన్సిలు గీత ఎలా ఉందో ఎవరూ పోల్చుకోకుండా అన్నమాట.

గెలిచిన మనిషి తలెత్తలేదు. "క్షమించు వదినా" అన్నాడు, నేల వంక చూస్తూ. అత్తయ్య "టీ పెట్టవే, అందరికీ" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టడం మర్చిపోయి, అక్కడే నిలబడి ఏడ్చాను.

వానలు వెనకబట్టాక దాన్ని పంపించాం. బస్సు దగ్గర మరిది దాని పెట్టె పైకెక్కిస్తుంటే నా చెవి దగ్గరికి వంగమంది. "పెద్దమ్మా, ఎవర్నీ అడక్కు. ఒట్టేశావు" అంది.

"అడగనే" అన్నాను.

"బాగా తిను" అంది నాకే. ఆ మాట నేను దానికి చెప్పాల్సింది.

ఒట్టేశాను కాబట్టి అడగలేదు. కానీ లెక్క వెయ్యొద్దని ఎవరూ అనలేదుగా. బోర్డు మీద రాస్తూ లెక్కేసేదాన్ని, కూర తరుగుతూ లెక్కేసేదాన్ని. క్రేనుకి మూడు. అందులో మరిదిది ఒకటి. ఇంటికి రెండు. అందులో నాది ఒకటి. మిగిలిన ముగ్గురిలో ఒక్కరు నా వైపు వేశారు. ఆ ఒక్కరూ ఎవరు? ఉడతే అయితే, ఉండాలనుకున్న పిల్లని మేమే వెళ్ళగొట్టుకున్నాం. ఉడత కాకపోతే, దానికి నేను అక్కర్లేకపోయాను. ఎటు తిప్పినా నాకే గుచ్చుకునేది. తిండి సయించడం మానేసింది. క్లాసులో పాఠం మధ్యలో ఎక్కడున్నానో మర్చిపోయేదాన్ని, పిల్లలే అందించేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం అత్తయ్య ఉతికిన బట్టలు మడుస్తూ, నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"నువ్వడగలేదు, నేనే చెప్తున్నా. నేను క్రేనుకి వేశాను."

"అత్తయ్యా!"

"తల్లి ఎలాగూ లేదు. తండ్రి కూడా వారానికోసారి వచ్చి టీ తాగి పోయే చుట్టమైపోతే ఎలాగే? అందుకే వేశా. తిట్టాలనుంటే తిట్టు."

తిట్టలేదు. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు, అంతే. పెద్దావిడ అన్నం వడ్డించుకుని తనే ఒక మూల కూర్చుని తినేది. నాకూ తెలుసు, అది తప్పని. మనసు ఊరుకోలేదు.

మూడో రోజు ఉదయం మా ఆయన వాకిట్లో బోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. నేను టీ తెచ్చి పక్కన పెట్టాను. అక్షరం మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"నేనూ క్రేనుకే వేశాను."

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"నువ్విలా తిండీ నిద్రా మానేస్తే చూడలేకపోతున్నా. మీ మరిది, అమ్మ, నేను. మూడూ సరిపోయాయా? ఉడత నీకే వేసింది. ఇక తిను."

మరిది, అత్తయ్య, ఈయన. మూడు. నిజమే, సరిపోయింది. రెండో ఇల్లు ఉడతదే! నాకు ఒక్కసారిగా ఒంట్లోకి ప్రాణం లేచొచ్చింది. దుప్పటి వెనక అంతసేపు నిలబడి, చివరికి నా మీదే టిక్కు పెట్టిందన్నమాట నా తల్లి! మొగుడి మీద కోపం కూడా రాలేదు. ఆ క్షణంలో ఆయన ఏం చేసినా క్షమించేసేదాన్ని.

"అయితే లేవండి" అన్నాను.

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? పిల్లని తీసుకొద్దాం. బడికి సెలవు చీటీ పంపుతా. పిల్ల ఉండాలనుకుంటే ఓట్లేమిటి, లెక్కలేమిటి? మీరూ అత్తయ్యా వేసినంత మాత్రాన దాన్ని పంపించేస్తామా? మరిదికి నేను చెప్పుకుంటా. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా."

లోపలికి పరుగెత్తి బీరువాలోంచి చీర తీసుకున్నాను. సంచీ తీసుకున్నాను. దాని మంచం మీద కొత్త దుప్పటి పరవాలనుకున్నాను, వచ్చాక పరవొచ్చులే అనుకున్నాను. నాలో నేనే ఏదేదో మాట్లాడుకుంటున్నాను. బయటికి వచ్చి చూస్తే ఆయన ఎక్కడ కూర్చున్నాడో అక్కడే ఉన్నాడు. చేతిలో కుంచె అలాగే ఉంది. కొసనుంచి రంగు మోకాలి మీద పడుతున్నా చూసుకోవడం లేదు. అత్తయ్య గడపలో నిలబడి ఉంది.

"లేవండి మరి, బస్సు వెళ్ళిపోతుంది."

ఆయన లేవలేదు.

"చెప్పెయ్యరా" అంది అత్తయ్య. "ఆ బిడ్డని మళ్ళీ లాక్కురానివ్వకు."

ఆయన నా వంక చూశాడు.

"నేను వేసింది ఇంటికే" అన్నాడు.

పెళ్ళైనప్పట్నించీ ఆయన నా పక్షం వదిలిన మనిషి కాదు. ఓటు వేసిన పూటా వదల్లేదు. ఇల్లు గుర్తుకి పడ్డవి రెండే. ఒకటి నాది, ఒకటి ఆయనది.

సంచీ చేతిలో ఉండగానే మెట్టు మీద కూలబడ్డాను. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుని నా తల తన భుజానికి ఆనించుకుంది. రెండు రోజులుగా మాట్లాడని మనిషిని, ఆవిణ్ణే పట్టుకుని ఏడ్చాను. వెళ్ళిపోయినందుకు ఏడ్చానో, వెళ్తానని నాతో చెప్పలేక నా నడుం పట్టుకుని అబద్ధమాడినందుకు ఏడ్చానో నాకే తెలీదు. పిల్లకి వాళ్ళ నాన్న కావాలి. ఎవరి పిల్లకైనా కావాలి. అందులో తప్పేముంది?

మింగలేక, ఉమ్మలేక కూర్చున్న ఆ బుగ్గ గుర్తొచ్చింది. నేను ఎదురుగా ఉన్నంతసేపూ అది నోరు తెరవలేదు. దుప్పటి చాటుకి వెళ్ళాక, నా ముఖం కనపడని చోట, తనకి కావలసింది తను వేసుకుంది. నా ముఖం చూసి ఉంటే వెయ్యలేకపోయేది.